పారిస్–రూబే: రాళ్లు నిలబెట్టిన పందెం

మిత్రులారా, నమస్కారం.

పారిస్–రూబే సైకిల్ పందేనికి ప్రాణం దాని దారి. అందుకే ఈ సాయంత్రం ఎక్కువగా ఆ దారి గురించే మాట్లాడతాను.

ఉత్తర ఫ్రాన్సులో, బెల్జియం సరిహద్దు పక్కన రూబే అనే బట్టల మిల్లుల ఊరు ఉంది. అక్కడి మిల్లు యజమానులు తియొడోర్ వియెన్, మోరిస్ పెరెజ్ తాము కట్టించిన వెలోడ్రోమ్‌కు, అంటే సైకిల్ పందేల మైదానానికి, పేరు రావాలని 1896లో ఈ పందెం మొదలుపెట్టారు. తొలి విజేత జర్మన్ పోటీదారు యోసెఫ్ ఫిషర్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక దారి చూడబోయినవారికి ఫిరంగి గుంతలూ మోడులూ బురదా ఎదురయ్యాయి. ఈ పందేనికి ‘ఉత్తరాది నరకం’ అన్న పేరు 1919 నాటిది.

ఆ కాలంలో అక్కడ గ్రానైట్ దిమ్మెలు పరిచిన బాటలు మామూలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాటి మీద తారు పడసాగింది. తమ ఊరి బాట టీవీలో మొరటుగా కనిపిస్తే నామోషీ అనుకున్న మేయర్లూ ఉన్నారు. 1965 నాటికి పందెంలో రాళ్ల బాట దాదాపు 22 కిలోమీటర్లే మిగిలింది.

అప్పుడు ఆదుకున్నవాడు జాన్ స్టాబ్లిన్‌స్కీ. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు, కుర్రతనంలో బొగ్గు గనిలో పనిచేశాడు, 1962లో సైకిల్ పందెంలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆరెన్‌బర్గ్ అడవిని చీల్చుకుంటూ పోయే, రెండు కిలోమీటర్లకు పైబడిన తిన్నని రాళ్ల బాటను అతను నిర్వాహకులకు చూపించాడు. 1968లో పందెం అటుగా సాగింది. ఏ నేల కింద బొగ్గు తవ్వాడో ఆ నేల మీదే పందెంలో సైకిల్ తొక్కాడు. ఈ పందెం చరిత్రలో నా మనసును ఇంతగా కదిలించిన విషయం మరొకటి లేదు.

ఆ బాట కనికరించదు. 1998లో బెల్జియం వీరుడు యొహాన్ మ్యూసియువ్ అక్కడ పడి మోకాలిచిప్ప పగలగొట్టుకున్నాడు. గాయం కుళ్లి కాలు తీసేయాల్సి వస్తుందేమోనని భయపడ్డారు. 2000లో అతనే గెలిచి, గీత దాటుతూ ఆ మోకాలిని వేలితో చూపించాడు.

ఇప్పుడు సుమారు 260 కిలోమీటర్ల పందెంలో 55 దాకా రాళ్ల బాటే. ‘పారిస్–రూబే మిత్రులు’ అనే స్వచ్ఛంద సంఘం దాన్ని కాపాడుతోంది. కుంగిన దిమ్మెలను పెకలించి, మట్టి చదును చేసి, మళ్లీ చేతులతో పేరుస్తారు. తోటపని నేర్చుకునే విద్యార్థులూ ఆ పనిలో చేయి వేస్తారు. విజేతకు ఇచ్చే బహుమతి కూడా అలాంటి రాతి దిమ్మే.

ఆ దిమ్మె ఒక మహిళ చేతికి అందడానికి 2021 దాకా పట్టింది. బ్రిటన్‌కు చెందిన లిజీ డైగ్నన్ తడి రాళ్ల మీద 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. అరచేతులు ఒరుసుకుపోయి హ్యాండిల్‌కు రక్తం అంటింది. ఆమెకు ఇచ్చిన నగదు 1,535 యూరోలు. మర్నాడు పురుషుల పందెంలో గెలిచినవాడికి 30,000. రాళ్లు అవే, బురద అదే. ఈ తేడాను నేను ఒప్పుకోలేను, మీరూ ఒప్పుకోకండి.