మీ పాత కంప్యూటర్‌కు భద్రతా మరమ్మతులు వస్తున్నాయా?

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ కొని ఏడెనిమిదేళ్లయింది. చెప్పిన పని చేస్తూనే ఉంది. ఒక రోజు తెర మీద ఒక సందేశం: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది, మారతారా? చాలామంది ‘తరువాత చూద్దాం’ అంటారు. అందులో తప్పు లేదు. ఆ ‘తరువాత’ ఎప్పుడన్నదే ఇవాళ్టి మన విషయం.

నన్నడిగితే కంప్యూటర్ వయసు లెక్కపెట్టకండి. కొత్తది ఎంత ముచ్చటగా ఉందో కూడా చూడకండి. ఒక్కటే అడగండి: నా సిస్టమ్‌కు ఇంకా భద్రతా మరమ్మతులు, అంటే లోపాలను సరిచేస్తూ తయారుచేసినవాళ్లు పంపే అప్‌డేట్లు, వస్తున్నాయా?

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2017 మే 12 గుర్తు చేసుకోండి. శుక్రవారం. బ్రిటన్‌లో ఎన్నో ఆసుపత్రుల కంప్యూటర్ల మీద ఒక ఎర్రటి పెట్టె ప్రత్యక్షమైంది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లిస్తే తీస్తాం అని. కొన్నిచోట్ల అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19,000 దాకా ఉంటాయని తరువాత అంచనా వేశారు. చూస్తుండగానే అది సుమారు 150 దేశాలకు పాకింది. అదొక హానికర ప్రోగ్రామ్, పేరు వన్నాక్రై. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఒక లోపం ఉంది. ఒక యంత్రానికి సోకితే చాలు, ఆ లోపం గుండా పక్క యంత్రంలోకి తనంతట తానే దూరేది.

పాత విండోస్ ఎక్స్‌పీ వాడబట్టే ఇలా జరిగిందని అప్పట్లో అందరూ అన్నారు. దానికి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు, అంటే మరమ్మతులు పంపడం, ఆగిపోయింది మరి. కానీ లెక్క తీస్తే, దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. విండోస్ 7కు అప్పటికింకా మద్దతు ఉంది! ఆ లోపానికి మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే, మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. ఉచితంగానే. వేసుకున్న విండోస్ 7 నిలబడింది. వేసుకోని విండోస్ 7 పడిపోయింది. రెండూ ఒకే వయసువి.

కాబట్టి మరమ్మతులు వస్తున్నాయా, వస్తే వేసుకుంటున్నామా? రెండింటికీ అవునంటే తొందర లేదు. కొత్తది వచ్చిన రోజే మారడం నాకైతే ఇష్టం ఉండదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కు వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. ఆ నెల ఆగినవాళ్లు ఏమీ నష్టపోలేదు.

మరమ్మతులు ఆగిపోతే మాత్రం సంగతి వేరు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విడిగా నమోదు చేసుకున్నవారికి మరికొంత గడువు ఇచ్చారు, అంతే. విండోస్ 11కు మారదామంటే 4 జీబీ ర్యామ్ ఒక్కటే ఉంటే సరిపోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, వాళ్ల జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. మీ యంత్రం సరిపోతుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ చెబుతుంది. సరిపోదంటే కంప్యూటర్ పారేయనక్కర్లేదు. లినక్స్ మింట్ లాంటి వేరే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, లోపలి డిస్కును ముట్టుకోకుండానే. ఇంటర్నెట్‌తోగానీ వేరే కంప్యూటర్లతోగానీ సంబంధం లేకుండా, ఏదో పాత పరికరాన్ని నడపడానికే ఉంచిన యంత్రమైతే దాని జోలికి పోకండి.

మారాలని నిశ్చయించుకున్నారా? ముందు ఫొటోలు, పత్రాలు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయిందని కంప్యూటర్ చెప్పినా నమ్మకండి. ఆ డిస్కును వేరే యంత్రానికి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకున్నాయా? అప్పుడు డిస్కు తీసి పక్కన పెట్టి, పని మొదలుపెట్టండి. సిస్టమ్ మారుతున్నంతసేపూ మాత్రం దాన్ని తగిలించి ఉంచకండి. ఏ డిస్కును చెరపాలని అడిగినప్పుడు పొరపాటున దాన్నే ఎంచుకునే అవకాశం ఉంది.