ఇన్‌స్టాలర్ డిస్కును కాదన్నప్పుడు: పార్టిషన్ టేబుల్‌ను చదవడం, సరిదిద్దడం

సభకు నమస్కారం.

ఆపరేటింగ్ సిస్టం ఇన్‌స్టాల్ చేస్తుండగా, డిస్కును ఎంచుకునే దశలో పని ఆగిపోతే చాలామంది డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు. అందులో పనికొచ్చేది ఏదీ లేకపోతే అలా చేయడంలో తప్పేమీ లేదు. కానీ ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు ఆ డిస్కులోనే ఉంటే, అంతకంటే తొందరపాటు మరొకటి ఉండదు. పార్టిషన్ టేబుల్ (డిస్కును పంచిన భాగాల పట్టిక) మీద ఏదైనా రాయబోయే ముందు అక్కడ ఇప్పుడు ఏముందో పూర్తిగా చదవాలి, చదివినదానికి ఒక నకలు మరో డిస్కులో పెట్టుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

టేబుల్ చెడిందంటే డేటా పోయిందని అర్థం కాదు. డిస్కులో ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే చిన్న నమోదు మాత్రమే అది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్) పద్ధతిలో ఇదంతా మొదటి సెక్టార్‌లోని, అంటే డిస్కులోని మొట్టమొదటి చిన్న ముక్కలోని, 512 బైట్లలో ఇమిడిపోతుంది: 446 బైట్లు కంప్యూటర్‌ను మొదలుపెట్టే బూట్ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల వివరాలకు, మిగిలిన రెండు బైట్లు గుర్తింపు ముద్రకు. సెక్టార్ సంఖ్యకు 32 బిట్లే కేటాయించారు గనుక, 512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో సుమారు 2.2 టెరాబైట్లకు ఆవల ఉన్న చోటును ఈ టేబుల్ చూపలేదు. 4 టెరాబైట్ల డిస్కులో సగం మాత్రమే వాడుకోగలుగుతున్నారంటే మొదట అనుమానించవలసింది దీన్నే.

కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం)లో పాత బయోస్ స్థానంలో వచ్చినది యూఈఎఫ్ఐ. దానితో పాటు వచ్చిన జీపీటీ అనే కొత్త పార్టిషన్ టేబుల్ పద్ధతి ఇంతకంటే చాలా జాగ్రత్తగా రూపొందింది. మొదటి సెక్టార్‌లో, పాత పరికరాలు డిస్కును ఖాళీ అనుకోకుండా కాపాడే ఒక ఎంబీఆర్ ఉంటుంది. రెండో సెక్టార్‌లో టేబుల్ గురించిన వివరాలుండే హెడర్, ఆ తర్వాత సాధారణంగా 32 సెక్టార్లలో 128 పార్టిషన్లకు సరిపడే నమోదులు ఉంటాయి. హెడర్‌కూ నమోదులకూ విడివిడిగా చెక్‌సమ్‌లు (మార్పును పట్టించే లెక్కలు) ఉంటాయి కాబట్టి, ఒక్క బైటు మారినా పరికరాలు పసిగడతాయి. అన్నిటికంటే విలువైన విషయం, వీటి నకలు డిస్కు చిట్టచివర మరొకటి ఉండటం.

ఇన్‌స్టాలర్ ఇచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి డిస్కులో లోపమే ఉండదు. ఎంబీఆర్ ఉన్న డిస్కు మీద విండోస్‌ను పెట్టలేమని, ఈఎఫ్ఐ సిస్టంలో జీపీటీ డిస్కే కావాలని ఒక సందేశం వస్తుంది. జీపీటీ డిస్కు పనికిరాదని దానికి సరిగ్గా తిరగేసిన సందేశమూ వస్తుంది. ఇన్‌స్టాలర్ ఏ మోడ్‌లో (యూఈఎఫ్ఐ లేదా పాత బయోస్) బూట్ అయిందో దానికి తగిన టేబుల్‌నే అది అడుగుతుంది. బూట్ మెనూను ఒకసారి నిదానంగా చూడండి: ఒకే పెన్‌డ్రైవ్ చాలా కంప్యూటర్లలో రెండు పేర్లతో, వాటిలో ఒకటి యూఈఎఫ్ఐ అన్న మాటతో కనిపిస్తుంది. ఇంతకుముందు ఎంచుకోని పేరుతో బూట్ చేస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. లినక్స్‌లోనైతే సిస్ డైరెక్టరీలోని ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ ఉంటే యూఈఎఫ్ఐ మోడ్‌లో ఉన్నట్టు, లేకపోతే పాత బయోస్ పద్ధతిలో ఉన్నట్టు.

టేబుల్‌నే మార్చక తప్పదనుకుంటే, విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే పరికరంలో క్లీన్ ఆదేశం ఇచ్చి జీపీటీకి మార్చమని చెప్పే సలహా మీకు అన్నిచోట్లా దొరుకుతుంది. ఆ క్లీన్ అన్న ఆదేశం డిస్కులోని పార్టిషన్లన్నిటినీ తీసేస్తుందన్న సంగతి మాత్రం ఆ సలహాతో పాటు ప్రతిసారీ రాదు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం ఉంది. మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు లేకుండా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (తనలో మరిన్ని పార్టిషన్లను ఇముడ్చుకునేది) అసలే లేకుండా ఉన్న సిస్టం డిస్కును అది డేటా చెరపకుండానే మారుస్తుంది. దాని వాలిడేట్ ఆప్షన్ ఏమీ రాయకుండా, మార్పు సాధ్యమో కాదో మాత్రం చెబుతుంది.

ఇక టేబుల్ నిజంగానే దెబ్బతిన్న సందర్భం. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందుగా డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో డిస్కు మోడలూ పరిమాణమూ చూసుకోండి. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు ఒక బూట్ నుంచి మరొక బూట్‌కు మారవచ్చు కాబట్టి పేరొక్కటే నమ్మకూడదు. తర్వాత జీపీటీ టేబుల్‌ను సరిదిద్దే జీడిస్క్ అనే పరికరంతో ఆ డిస్కును తెరిస్తే అది మొదటే తన పరిశీలన చెబుతుంది. ముందున్న హెడర్ చెల్లదు గానీ చివర ఉన్న నకలు సరిగానే ఉంది, దాని నుంచే హెడర్‌ను మళ్లీ తయారుచేస్తున్నాను అని హెచ్చరిక వచ్చిందంటే పరిస్థితి చేయి దాటలేదన్నమాట. ఆ తయారీ ఇంకా మెమరీలోనే ఉంటుంది. పీ నొక్కి పార్టిషన్ల పరిమాణాలు మీకు గుర్తున్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడండి, వీ నొక్కి తనిఖీ చేయించండి, అన్నీ కుదిరాకే డబ్ల్యూ నొక్కండి. ఏమాత్రం సందేహమున్నా క్యూ నొక్కి బయటికి వస్తే డిస్కు మీద ఒక్క బైటు కూడా మారదు. ఇంతటి వెసులుబాటు ఉన్నప్పుడు తొందరపడవలసిన అవసరం ఏముంది?

500 జీబీ డిస్కును 1 టీబీ డిస్కులోకి సెక్టార్ల వారీగా క్లోన్ చేసినప్పుడు నకలు టేబుల్ డిస్కు మధ్యలో చిక్కుకుపోతుంది. జీడిస్క్‌కు తోడుగా ఉండే ఎస్‌జీడిస్క్ అనే ఆదేశానికి ఇంగ్లిష్ ‘e’ అక్షరాన్ని ఆప్షన్‌గా ఇస్తే దాన్ని చివరికి జరుపుతుంది. ఒకప్పుడు జీపీటీగా ఉండి తర్వాత ఎంబీఆర్‌గా మారిన డిస్కుల్లో పాత జీపీటీ ఆనవాళ్లు మిగిలిపోయి, విండోస్ ఒకలా, లినక్స్ ఇన్‌స్టాలర్ మరోలా చదువుతాయి. అక్కడ ఆప్షన్లేవీ ఇవ్వకుండా వైప్ఎఫ్ఎస్ అనే లినక్స్ ఆదేశాన్ని నడపండి. ఏ గుర్తు ఏ స్థానంలో ఉందో చూపి ఊరుకుంటుంది, దేన్నీ తుడవదు. ఆనవాళ్లను మాత్రమే తీసేయడానికి ఫిక్స్‌పార్ట్స్ అనే పరికరం ఉంది. ఎస్‌జీడిస్క్‌లోని జాప్ ఆల్ ఆప్షన్ జీపీటీతో పాటు ఎంబీఆర్‌నూ చెరిపేస్తుంది గనుక ఇక్కడ దాన్ని వాడకూడదు.

జాబితాలో డిస్కే కనిపించకపోవడం వేరే సమస్య. అది తరచుగా ఫర్మ్‌వేర్‌లో స్టోరేజీ కంట్రోలర్ రెయిడ్ మోడ్‌లో (పలు డిస్కులను ఒకటిగా కలిపి వాడే పద్ధతి) ఉండటం వల్ల, ఇన్‌స్టాలర్‌లో దాని డ్రైవర్ లేకపోవడం వల్ల వస్తుంది.

చివరగా, బాగున్న టేబుల్‌నే చెడిందని భ్రమపడే సందర్భం ఒకటి చెప్పాలి. కొన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లు (డిస్కును లోపల పెట్టి యూఎస్‌బీతో కలిపే పెట్టెలు), 512 బైట్ల సెక్టార్లున్న డిస్కును 4,096 బైట్ల సెక్టార్లున్నట్టుగా కంప్యూటర్‌కు చూపుతాయి. హెడర్ రెండో సెక్టార్‌లో ఉండాలి గదా. ఆ రెండో సెక్టార్ ఇప్పుడు 512వ బైటు దగ్గర కాక 4,096వ బైటు దగ్గర మొదలవుతుంది. అక్కడ హెడర్ ఉండదు. విండోస్ వెంటనే డిస్కును ఇనీషియలైజ్ చేయమంటుంది, అంటే కొత్త టేబుల్ రాయమంటుంది. ఒప్పుకోకండి. ఎన్‌క్లోజర్ నుంచి డిస్కును తీసి నేరుగా కంప్యూటర్ లోపలి సాటా పోర్టుకు కలిపి చూడండి. కారణం ఇదే అయితే పాత పార్టిషన్లు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి.