మల్లెకి ఎండే కావాలి

నమస్కారమండి. ఎండాకాలం వచ్చిందంటే అందరిదీ ఒకటే మాట, అబ్బా ఏం ఉక్కరా బాబూ అని. నాకు మాత్రం ఈ మూడు నెలలూ ఇష్టమండి, మల్లెల కోసం ఇష్టం, మామిడికాయ కోసం ఇష్టం.

మా ఇంట్లో ఒక బొడ్డుమల్లె ఉంది, కడియం నర్సరీలో కొన్నది. ఎండకి మాడిపోతుందేమోనని బాల్కనీలో నీడన పెట్టి రోజూ నీళ్ళు పోశాను, ఆకులు ఇంతింత, నిగనిగలాడుతూ పచ్చగా, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. రెండేళ్ళు అంతే! మళ్ళీ కడియం వెళ్ళినప్పుడు అక్కడ మొక్కలమ్మే పెద్దాయన్ని అడిగితే, "నీడలో ఆకులే వస్తాయమ్మా, మల్లెకి ఎండే కావాలి, డాబా మీద పెట్టి కొమ్మలు కోసెయ్యండి" అన్నాడు. అంత పచ్చటి మొక్కని కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదండి. అయినా నవంబరు ఆఖర్లో సగానికి కోసి, మిగిలిన ఆకులు దూసేసి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి, ఫిబ్రవరిలో పశువుల ఎరువు వేసి మళ్ళీ పొయ్యడం మొదలుపెట్టాను. ఉగాది నాటికి మొగ్గలే మొగ్గలు!

సాయంత్రం ఎండ తగ్గాక తెల్లబడి లావెక్కిన మొగ్గలే కోస్తాను, ఆకుపచ్చవి ముట్టుకోను, తొందరపడి కోస్తే అవి విచ్చుకోవు. తడిగుడ్డలో చుట్టి పెడితే దీపాలు పెట్టే వేళకి ఇల్లంతా వాసన.

ఆ రాత్రికి మామిడికాయ పప్పు ఉండాల్సిందే. ముక్కలు మాత్రం కందిపప్పుతో కలిపి ఉడకెయ్యకండి, పులుపు తగిలితే పప్పు సరిగా ఉడకదు, పప్పు మెత్తబడ్డాకే ముక్కలెయ్యండి, టెంకతో సహా, ఆ టెంక చీకడానికి మా ఇంట్లో ఇప్పటికీ పోటీయే. నెయ్యి, వడియాలు, చివర్లో పెరుగన్నంలోకి బంగినపల్లి ముక్క. ముంజలు తింటే పొద్దున్నే తినాలి, బొటనవేలితో గుచ్చితే నీళ్ళు చిమ్మేంత లేతవి.

ఇప్పుడు మీ మల్లె ఒక విడత పూసి ఆగిపోయిందా? అయితే పూసిన కొమ్మల చివర్లు రెండేసి ఆకుల కిందకి కత్తిరించండి, ఎందుకంటే మొగ్గ వచ్చేది కొత్త చిగురుకే, పాత కొమ్మకి కాదు. కుండీకి రోజూ 5, 6 గంటల ఎండ తగలనివ్వండి, నీళ్ళు పొద్దున్నే పొయ్యండి, మిట్టమధ్యాహ్నం వద్దు. కత్తెర పదునుగా ఉండాలి, కొమ్మ చీలకూడదు. ఈ ఆదివారమే చేసెయ్యండి, వానలు దిగేలోపు ఇంకో విడత పూలు పెట్టుకోవచ్చు. ఉంటానండి.