గీత లేకపోతేనే ఉన్నట్టు

అందరికీ నమస్కారం.

నన్ను మీకు పరిచయం చేస్తున్నంతసేపూ నేను ఈ బల్ల దగ్గర తల వంచుకుని ఏదో చేసుకుంటున్నాను. మర్యాద కాదు, క్షమించండి. వేలికి సూది గుచ్చుకున్నాను. చిన్న గొట్టంలో ఆరు చుక్కల నీళ్లు వేసి, రక్తం అంటించిన అట్టముక్కను అందులో తిప్పి, ఈ స్ట్రిప్ నిలబెట్టాను. దీని పేరు హీమోటైప్ ఎస్‌సీ, సికిల్ సెల్ జబ్బును పట్టే పరీక్ష. పది నిమిషాలు ఆగాలి. ఈలోపు మాట్లాడుకుందాం.

సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు. దాని మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. కరెంటు పెడితే మామూలు హిమోగ్లోబిన్ ఒకలా, ఈ హిమోగ్లోబిన్ ఇంకోలా కదిలాయి. అప్పట్లో దానికి పెద్ద యంత్రం కావాల్సి వచ్చింది. ఇప్పుడు గజెల్ అనే పరికరం అదే సూత్రంతో, బ్యాటరీ మీద, చిన్న కాగితం ముక్క మీద ఆ పని చేసేస్తుంది. సూత్రం పాతదే. సంచిలో వేసుకుని ఊళ్లోకి తీసుకెళ్లగలగడమే కొత్త.

అదేం గొప్ప అంటారా? ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఈ స్ట్రిప్ కంటే చాలా ఎక్కువ చెబుతుంది, కాదనను. కానీ నమూనా ల్యాబ్‌కి వెళ్లి, రిపోర్టు తిరిగి వచ్చేసరికి ఆ తల్లి ఎక్కడుంటుంది? ఒక రోజు కూలి పోగొట్టుకుని ఒకసారి వచ్చింది. రెండోసారి రాదు. రిపోర్టు డ్రాయర్లోనే ఉండిపోతుంది. అందుకే నా దృష్టిలో ఈ స్ట్రిప్ విలువంతా ఒక్కచోటే ఉంది: ఆమె లేచి వెళ్లకముందే జవాబు వస్తుంది.

పుట్టిన బిడ్డ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అప్పుడు రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగం కడుపులో ఉన్నప్పటి పిండ హిమోగ్లోబినే కాబట్టి మొదటి కొన్ని నెలలు బిడ్డ హాయిగా కనిపిస్తుంది. అది తగ్గే కొద్దీ జబ్బు బయటపడుతుంది. మనకు దొరికే వ్యవధి అదే. ఈ జబ్బున్న చిన్నపిల్లలకు రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ ఇస్తే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఖరీదైన మందేం కాదు. ఏ బిడ్డకు ఇవ్వాలో తెలియడమే కష్టం. రక్తాన్ని ద్రావణంలో కలిపి మసకబారుతుందేమో చూసే పాత సాల్యుబిలిటీ టెస్టు ఇక్కడ పనికిరాదు. పసిపిల్లల్లో దాన్ని నమ్మలేం, పెద్దవాళ్లలో కూడా క్యారియర్ (సికిల్ జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు లేనివాళ్లు) ఎవరో, రోగి ఎవరో అది విడదీసి చెప్పదు.

ఇక స్ట్రిప్ ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్పాలి. సూది తీసే ముందు ఒక ప్రశ్న అడగండి: "ఈ మూడు నెలల్లో పాపకి రక్తం ఎక్కించారా?" ఎక్కించి ఉంటే మీరు చదివేది దాత రక్తాన్ని కూడా. తలసేమియా అనే ఇంకో వంశపారంపర్య రక్త జబ్బు క్యారియర్లను ఈ స్ట్రిప్ పట్టుకోదు, దానికి వేరే పరీక్ష ఉంది. "టెస్టులో అంతా బాగానే ఉంది" అని పంపేస్తే ఆ కుటుంబానికి అబద్ధం చెప్పినట్టే. "సికిల్ లేదు" అనండి. అంతవరకే అనండి.

మాటల దగ్గరే అసలు టెన్షన్. క్యారియర్ అనగానే అవతలివాళ్లకు రోగం అనే వినిపిస్తుంది. ముందు "మీకు జబ్బు లేదు" అని చెప్పి, కాసేపు ఊరుకుని, తర్వాత మిగతాది చెప్పండి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "ఒకరికి వచ్చేసింది కదా, మిగతా ముగ్గురికీ రాదు" అని లెక్క వేసుకునేవాళ్లుంటారు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకోటి, పరీక్షకు తరచూ తల్లి ఒక్కతే వస్తుంది, నింద కూడా ఆమె ఒక్కతే మోస్తుంది. సికిల్ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే బిడ్డకు ఎస్‌ఎస్, అంటే జబ్బు, అవుతుంది. ఆ మాట అత్తగారి ముందు, భర్త ముందు, పేపరు మీద గీసి మరీ చెప్పండి.

టైమర్ మోగింది. చూద్దాం.

ఒక్క జాగ్రత్త. ప్రెగ్నెన్సీ కిట్ అలవాటుతో చదవకండి. ఏ అంటే మామూలు హిమోగ్లోబిన్, ఎస్ అంటే సికిల్‌ది, సీ అంటే ఇంకో రకం. ఇందులో గీత వస్తే ఆ రకం హిమోగ్లోబిన్ లేనట్టు, గీత లేకపోతేనే ఉన్నట్టు. స్ట్రిప్ సరిగ్గా పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత మాత్రం రావాల్సిందే, లేకపోతే స్ట్రిప్ పారేసి మళ్లీ చేయాలి. మొదట్లో ఇది అందరికీ తికమకే.

నా స్ట్రిప్ మీద కంట్రోల్ గీత ఉంది. సీ దగ్గర గీత ఉంది. ఏ దగ్గర లేదు. ఎస్ దగ్గర కూడా లేదు.

ముందు వరసలోని అమ్మా, మీరు చదవండి. పర్వాలేదు, నాకు ఎప్పుడో తెలుసు. మొహమాటపడకుండా, రేపు ఊళ్లో ఎలా చెబుతారో అలాగే చెప్పండి.