అది వేడి కాదేమో, ఒక్కసారి స్వాబ్ ఇచ్చి చూడండి

నమస్కారం అండీ. ఈరోజు మాట్లాడబోయేది ఇంట్లో రేడియో సౌండ్ తగ్గించేసే రకం విషయం, కానీ తగ్గించకండి, పక్కన అత్తగారు కూర్చున్నా పర్లేదు, ఆవిడకీ పనికొస్తుంది. ఆడవాళ్ళకి కింద దురద, మంట, తెల్లబట్ట, చిన్న చిన్న పుండ్లు, ఇలాంటివి వచ్చినప్పుడు దూది పుల్లతో చేసే టెస్ట్ ఒకటుంది, స్వాబ్ టెస్ట్ అంటారు, దాని గురించి. నేను డాక్టర్ని కాదు. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చునే మనిషిని, డాక్టరమ్మ తీసిన ఆ పుల్ల చివరికి వచ్చేది నా టేబుల్ మీదకే.

మన ఇళ్ళల్లో ఈ బాధలన్నిటికీ ఒకటే పేరు, వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టుకో, బార్లీ నీళ్ళు తాగు, మజ్జిగ తాగు. తాగండి, హాయిగా ఉంటుంది, కాకపోతే మజ్జిగ వెళ్ళేది కడుపులోకి, ఇన్ఫెక్షన్ ఉన్నది ఇంకోచోట. వారం చూసి తగ్గకపోతే అప్పుడు మెడికల్ షాపు, అక్కడేమో కుర్రాడుంటాడు, చెప్పడానికి నోరు రాదు, ఒంటిమీద దురద అని చెప్పి ఒక ట్యూబు తెచ్చుకుంటారు. ఆ ట్యూబుల్లో చాలావాటిల్లో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, దాంతోపాటు గట్టి స్టీరాయిడ్ కలిపి ఉంటాయండీ. స్టీరాయిడ్ కాబట్టి రెండు రోజుల్లో దురద మాయం, ఆహా భలే ట్యూబు అనుకుంటారు, ఆపగానే రెట్టింపై వస్తుంది, మళ్ళీ రాస్తారు, ఇలా నెలల తరబడి రాసేసరికి అక్కడి చర్మం పల్చబడిపోతుంది, అసలు రోగం రూపు కూడా మారిపోయి చూసిన డాక్టర్‌కే అర్థం కాకుండా పోతుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు ఇలాంటివి. అమ్మేది అమ్ముతూనే ఉన్నారు, ఆ గొడవ ఇప్పుడొద్దు.

సరే, టెస్ట్ ఎందుకంటే, పైకి దురద ఒక్కటే గానీ లోపల కారణాలు వేరువేరు. క్యాండిడా అనే ఫంగస్ అయితే విరిగిన పాలలాగా తెల్లగా గడ్డగడ్డలుగా పడుతుంది, దురద చంపేస్తుంది, వాసన పెద్దగా ఉండదు. బాక్టీరియల్ వజైనోసిస్ అని ఇంకోటి, అందులో మనకి కాపలా ఉండే మంచి బాక్టీరియా తగ్గిపోయి వేరేవి పెరిగిపోతాయి, దురద కంటే వాసన ఎక్కువ, చేపల వాసన. మూడోది ట్రైకోమోనాస్, ఇది కంటికి కనబడని పరాన్నజీవి, కలయిక వల్ల అంటేది, పచ్చగా నురగలా పడొచ్చు. పుస్తకంలో ఇంత తేటగా ఉంటుంది గానీ మనిషిలో అన్నీ కలగలిసిపోయి ఉంటాయి, చూసి చెప్పేస్తే పొరపాటు పడే ఛాన్సు చాలా ఉంది. మందులు చూస్తే వేరువేరు. ఫంగస్ మాత్ర వజైనోసిస్‌కి పనిచేయదు, పైగా అక్కర్లేని యాంటీబయాటిక్ మింగితే ఉన్న మంచి బాక్టీరియా కూడా పోయి కొత్తగా ఫంగస్ పట్టుకోవచ్చు.

తీయడం గురించి భయపడేవాళ్ళే ఎక్కువ. పుల్ల చెవిలో పెట్టుకునే బడ్ కంటే పొడుగుంటుంది, అంతే. బయట ఎర్రబడిన చోట, లేదా యోని గోడ మీద అలా తిప్పి తీసేస్తారు, కొన్ని సెకన్ల పని, మరీ ఒరిసిపోయి ఉంటే కాస్త చురుక్కుమంటుంది. లోపల పైదాకా చూడాల్సి వస్తే స్పెక్యులమ్ పెడతారు, అంటే యోనిని కాస్త తెరిచి ఉంచే పరికరం, అది పెళ్ళైనవాళ్ళకే, పెళ్ళికాని పిల్లలకి మామూలుగా బయటి నుంచే తీస్తారు, ఆ ముక్క ముందే అడిగి తెలుసుకోండి. క్లమీడియా లాంటి, కలయిక వల్ల అంటే బాక్టీరియా జబ్బులకైతే పుల్ల మనమే పెట్టుకుని ఇచ్చేయొచ్చు, ఫలితం బానే వస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. వచ్చే ముందు డెట్టాలు, సబ్బు, వీ-వాష్ లాంటివి పెట్టి లోపలిదాకా శుభ్రంగా కడుక్కుని రాకండి! డాక్టర్ చూస్తారని పాపం సిగ్గుకొద్దీ చేస్తారు, మేం వెతికేదంతా డ్రైనేజీలోకి పోతుంది. ఒకటి రెండు రోజుల ముందు నుంచి క్రీములు, లోపల పెట్టుకునే మాత్రలు, కలయిక వద్దు, నెలసరిలో వద్దు. మూడు రకాల ట్యూబులు రాసేసి వచ్చినావిడ స్వాబ్‌లో ఏమీ పెరగదు, రిపోర్టు నెగెటివ్, ఆవిడ మాత్రం గోక్కుంటూనే ఉంటుంది.

ఇక నా టేబుల్ మీద ఏం జరుగుతుందో చెప్తా. గాజు పలక మీద ఒక చుక్క సెలైన్, అందులో పుల్ల తిప్పి పైన సన్నటి గాజు ముక్క పెట్టి చూస్తే, ట్రైకోమోనాస్ ఉంటే గనక బేరిపండు ఆకారంలో చిన్నది, తోక కొట్టుకుంటూ కుదుపులు కుదుపులుగా కదుల్తుంది. 1836లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డోన్నే మొదటిసారి చూసింది దీన్నే, అప్పటికీ ఇప్పటికీ ఆ కదలిక చూసే పట్టుకుంటాం. కానీ చల్లబడితే కదలడం మానేస్తుంది, అప్పుడు పక్కనున్న తెల్లకణానికీ దీనికీ తేడా తెలీదు. ఒకచోట పనిచేసినప్పుడు ఉదయం తీసిన పుల్లలన్నీ సాయంత్రం బాయ్ ఒకేసారి తెచ్చేవాడు, ఐస్ డబ్బాలో! ఎంత మొత్తుకున్నా అంతే. ఇంకో పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తాం, వజైనోసిస్ ఐతే గుప్పుమని చేపల కంపు, ఫంగస్ ఐతే కణాలన్నీ కరిగిపోయి దారాలు మాత్రం మిగుల్తాయి. పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితం కూడా పెడతాం, మామూలుగా 3.8 నుంచి 4.5 ఉండాలి, ఫంగస్‌లో దాదాపు అలాగే ఉంటుంది, మిగతా రెండింట్లో పెరుగుతుంది. కల్చర్‌కి పెడితే, అంటే ఆ క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూస్తే, రెండు మూడు రోజులు పడుతుంది.

రిపోర్టు చూసి హడలిపోకండి. నార్మల్ ఫ్లోరా అని రాస్తే అదేదో కొత్త పురుగు కాదు, అంతా బావుందని. ఏ బాధా లేకుండా కొంచెం క్యాండిడా కనిపిస్తే మందు అక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా నూటికి 10, 20 మందికి ఉంటుంది. ఈ.కోలి అని పేగుల్లో ఉండే బాక్టీరియా పేరు వచ్చినా చాలాసార్లు పక్కనున్న మలద్వారం నుంచి అంటుకున్నదే.

పుండ్లో నీటిపొక్కులో ఉంటే కథ వేరు, అవి హెర్పిస్ అనే వైరస్ వల్ల కావచ్చు, పొక్కు కొత్తగా ఉన్నప్పుడే అడుగు నుంచి పుల్లతో తీసి పీసీఆర్‌కి, అంటే వైరస్ జన్యువుని పట్టే టెస్ట్‌కి, పంపాలి, ఎండి పక్కు కట్టాక వస్తే దొరక్కపోవచ్చు. గజ్జల్లో తామరకి పుల్ల పనికిరాదు, బ్లేడుతో పైపొట్టు గీకి చూడాలి. తెల్లగా పాలిపోయి మచ్చలు పడి ఏళ్ళ తరబడి దురదైతే అసలు ఇన్ఫెక్షనే కాకపోవచ్చు, అది స్కిన్ డాక్టర్ చూడాలి. ఇంకోటి, ఇది క్యాన్సర్ టెస్ట్ కాదు, స్వాబ్ ఇచ్చాను కదా అని గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ టెస్ట్ మానేస్తున్నారు కొంతమంది.

ఫంగస్ మాటిమాటికీ వస్తుంటే షుగర్ చూపించుకోండి. షుగర్ ఉండి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతున్నవాళ్ళకి మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ వస్తుంది, డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

ల్యాబ్ లేని ఊళ్ళో ఏం చేయాలి అంటారా, ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో లక్షణాలు చూసే మందులిస్తారు, రంగు రంగు కిట్లు, తెల్లబట్టకి ఆకుపచ్చది, అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ ఉంటాయి. అదేం తప్పు పద్ధతి కాదు, వాడాక తగ్గకపోయినా తిరగబెట్టినా అప్పుడు స్వాబ్ అడగండి.

మొన్న ఒకావిడకి ట్రైకోమోనాస్ వచ్చింది. మీ ఆయన కూడా మందు వాడాలమ్మా, డాక్టరమ్మ చెప్తారు అన్నాను, ఆయనకి ఏమీ లేదండీ శుభ్రంగా ఉన్నాడు అంది. మగవాళ్ళకి చాలామందికి బయటికేం తెలీదమ్మా, ఆయన మానేస్తే నీకు మళ్ళీ వస్తుంది, ఇద్దరి కోర్సూ అయ్యేదాకా దూరంగా ఉండాలి కూడా అన్నాను. కాసేపు కాగితం కేసి చూసి, బెంచీ మీద కూర్చుని ఫోన్ తీసింది. ఏవండీ, సాయంత్రం పని అవ్వగానే ఇటు రండి, మందు మీకూ రాస్తారంట, ఏమో నాకేం తెలుసు, వచ్చి మీరే అడగండి.