బండి టైమైంది, లేవండి

(తెనాలిలో జరిగిన వయోవృద్ధుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, కింద కూర్చున్న ఇంకా పెద్దలకీ నమస్కారం. పేర్లు చదవను. చదివితే ఎవరో ఒకరు మిగిలిపోతారు, మిగిలినవారు మళ్ళీ ఏడాది దాకా నాతో మాట్లాడరు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ‘కుటుంబ సంబంధాలు - నేటి పరిస్థితి’. ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. బుద్ధిగా కాగితం మీద రాసుకొచ్చాను కూడా: ఉమ్మడి కుటుంబం, పతనం, కారణాలు, పరిష్కారాలు. ఈ హాల్లోకి వచ్చి కూర్చున్నాక ఆ కాగితం సంచీలోంచి తీయబుద్ధి కావట్లేదు.

ఎందుకంటారా? ఒక్కసారి వెనక్కి తిరగండి. మెడనొప్పి ఉన్నవాళ్ళు వద్దులెండి, పక్కవాళ్ళు చెబుతారు. ఆ గోడ మీద, ట్యూబులైటు పైన, రెండు చదరపు గుర్తులు కనిపిస్తున్నాయా? ఇటుకలు పెట్టి మూసి సున్నం కొట్టారు కానీ అంచులు దాగలేదు. ప్రొజెక్టరు కన్నాలవి. ఇది సినిమా హాలని మీలో సగం మందికి తెలుసు, మిగతా సగానికి ఇప్పుడు తెలిసింది. కల్యాణమండపం చేసేటప్పుడు మట్టి పోయించి నేల చదును చేశారు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కాళ్ళ కింద నడుం లోతు మట్టి ఉంటుంది, దాని కింద మా నేల టికెట్టు ఉంటుంది.

కాబట్టి కుటుంబ సంబంధాల గురించే మాట్లాడతాను. సినిమాకి వెళ్ళడం గురించి మాట్లాడతాను. నా లెక్కలో రెండూ ఒకటే.

మాది భట్టిప్రోలు దగ్గర పల్లెటూరు. సినిమా అంటే తెనాలి. రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కాలి, వేమూరు, జంపని దాటాలి, అప్పుడు తెనాలి. బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చుంటే కంట్లో నలుసు పడేది, అయినా కిటికీ దగ్గర సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. సినిమాకి వెళ్ళే రోజు ఇంట్లో తెల్లవారకముందే పొయ్యి వెలిగేది. పులిహోర కలిపి కేరేజీలో సర్దేవారు. పైగిన్నెలో చలిమిడి ముద్ద. నీళ్ళకి మరచెంబు.

మరచెంబు ఎవరింట్లోనైనా ఉందా ఇప్పుడు? చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. అటక మీద ఉన్నా సరే, ఎత్తండమ్మా. మాది ఇత్తడిది. మూతకి మర ఉంటుంది, పైన పట్టుకోవడానికి ఓ పిడి. ఆ మర బిగుసుకుంటే మా బాబాయి ఒక్కడికే వచ్చేది. బాబాయి సినిమాలో లీనమైపోతే మాకు ఇంటర్వెల్ దాకా నీళ్ళుండేవి కావు. పిల్లలం దాహం దాహం అంటుంటే మా అమ్మ బాబాయి భుజం తట్టి చెంబు అందించేది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే మర విప్పేవాడు.

ఇప్పుడు లవకుశ సంగతికి వస్తాను. వద్దామనుకుంటూనే మరచెంబు దగ్గర ఆగిపోయాను.

‘లవకుశ’ 1963 మార్చిలో విడుదలైంది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. 1958లో మొదలుపెడితే డబ్బులు చాలక మధ్యలో ఆగింది. దర్శకులు సి.పుల్లయ్యగారి ఆరోగ్యం కూడా సహకరించలేదు, చివరికి ఆయన కుమారుడు సి.ఎస్.రావుగారు పూర్తి చేశారు. మాకు ఇవేవీ తెలియవు. మాకు తెలిసిందల్లా రాముడు నీలంగా కనిపిస్తాడని. మా నాయనమ్మ అప్పటిదాకా రంగుల సినిమా చూడలేదు. “నిజంగా నీలంగానే ఉంటాడటే?” అని వీధిలో కనపడ్డవాళ్ళనల్లా అడిగింది. ఆ ఎండాకాలం సెలవుల్లో బయల్దేరాం. నాయనమ్మ, అమ్మానాన్న, బాబాయి, పిన్ని, మేనత్త, మేం పిల్లలం, ఎదురింటి పెద్దమ్మగారు, ఆవిడ ఇద్దరు కోడళ్ళు, నా స్నేహితురాలు, దాని తమ్ముడు. సగం పెట్టె మేమే. వాల్మీకి వేషం నాగయ్యగారిదని, ఆయన పుట్టింది మన రేపల్లెలోనేనని మా నాన్న బండిలో అందరికీ చెప్పాడు. అప్పట్నుంచి మాకు వాల్మీకి కూడా చుట్టమే అనిపించింది.

ఇదిగో, ఆ తలుపు పక్కన, ఇప్పుడు చేతులు కడుక్కునే కుళాయిలున్న చోట ఆడవాళ్ళ టికెట్ల కౌంటరు ఉండేది. ఇరుకు సందు, రెండు వైపులా గోడ, చివర చెయ్యి పట్టేంత కన్నం. లోపల గుక్క తిరగదు. నన్ను అందరి కాళ్ళ మధ్య నుంచి ముందుకి తోసేవారు. మగవాళ్ళ వైపు చొక్కాలు చిరుగుతుంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి “అమ్మా, మాక్కూడా రెండు తీసిపెట్టండమ్మా” అని మా అమ్మని బతిమాలేవారు. మా ఇంట్లో ఏ విషయానికీ మా అమ్మని అడిగినవాళ్ళు లేరు. ఆ సందులోంచి చెమటలు కారుతూ, పిడికిట్లో గులాబీరంగు టికెట్లు పట్టుకుని బయటికొచ్చినప్పుడు మాత్రం మా నాన్నతో సహా అందరూ ఆవిడ చుట్టూ చేరేవారు. కుటుంబ సంబంధాల మీద నన్ను మాట్లాడమన్నారు కదా, రాసుకోండి కార్యదర్శిగారూ, ఇది.

లైట్లు తీసే ముందు ఘంటసాల గొంతుతో ‘నమో వెంకటేశా’. ఆ పాట వస్తే గేటు బయట ఉన్నవాళ్ళు పరుగు. తర్వాత సినిమా. రాముడు కనిపించగానే హాల్లో హారతులు. సీతమ్మ వేషంలో అంజలీదేవిని చూసి దణ్ణం పెట్టని ఆడది లేదు. అడవికి పంపేశాక ఏడుపు మొదలైంది. లీల, సుశీల గొంతుల్లో పిల్లలు పాడుతుంటే ఆ ఏడుపు ఇంకా పెరిగింది. మా పెద్దమ్మగారికి కళ్ళు తుడుచుకోడానికి చెంగు చాలక కోడలి చెంగు కూడా లాక్కుంది.

అది మూడు గంటలు దాటే సినిమా. మా బండేమో సాయంత్రం వెళ్ళిపోతుంది. తండ్రీకొడుకులు బాణాలెక్కుపెట్టి నిలబడ్డారు. సీతమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన మీ తండ్రి అని చెప్పింది. హాలంతా చప్పట్లు. అప్పుడు మా నాన్న లేచి నిలబడ్డాడు. “బండి టైమైంది, లేవండి.”

మేం ఏ సినిమాకీ చివర చూసి ఎరగం. తెనాలి వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. బండి టైమైంది, లేవండి. ఎవరు చచ్చారో, ఎవరు పెళ్ళి చేసుకున్నారో మా నాన్న స్టేషను దారిలో ఊహించి చెప్పేవాడు, ఇంకోసారి చూసినవాళ్ళెవరైనా కనపడితే సరిచూసుకునేవాళ్ళం. ఆ రోజు పిల్లలం గోల పెట్టాం. నాయనమ్మ మాత్రం మారుమాటాడకుండా లేచింది. అందరికంటే ముందు తలుపు దాకా వెళ్ళింది.

బండిలో పిన్ని అంది, “అయ్యో, సీతమ్మ భూమిలోకి వెళ్ళడం చూడలేకపోయాం అత్తయ్యా” అని. నాయనమ్మ ఏమందో తెలుసా? “వెళ్ళలేదు. నేను చూళ్ళేదుగా!” అంది. రామాయణం ఆవిడకి కంఠతా వచ్చు, ఆవిడకి తెలియక కాదు. అయినా జంపని దాటాక కూడా అదే పట్టు. పిల్లలు దొరికారు, మొగుడు దొరికాడు, ఇక దాన్ని భూమిలోకి పంపేదెవరు అని. ఎదురుగా కూర్చున్న ముసలాయనెవరో, మాకేమీ కాడు, ఆయన వాదనకి దిగాడు. వాల్మీకి ఏం రాశాడు, శపథం ఏమిటి అని. నాయనమ్మ ఆయనకి చలిమిడి పెట్టి నోరు మూయించింది.

తర్వాత చాలా ఏళ్ళకి టీవీలో లవకుశ వేశారు. అప్పటికి ఆవిడకి చూపు మందగించింది. కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని కదలకుండా చూసింది. తండ్రీకొడుకులు కలుసుకున్నారు. నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. “ఇంకా అవలేదే!” అన్నాన్నేను. “నాకు అయిపోయింది” అంది లోపల్నుంచి.

గంట కొట్టారు. విన్నాను కార్యదర్శిగారూ. పరిష్కారాలు ఇంకా చెప్పలేదు కదా, కూర్చోండి.

పాతదంతా బంగారం అనే రకాన్ని కాదు నేను. ఆ హాల్లో నల్లులుండేవి. బీడీ పొగకి తెర మసగ్గా కనపడేది. ఇంటర్వెల్లో ఆడవాళ్ళు వెళ్ళడానికి తగిన చోటు లేక మా అమ్మ పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. అంత మరచెంబు మోసుకొచ్చింది మా కోసం, తన కోసం కాదు. ఇప్పటి హాళ్ళలో చల్లగా ఉంటుంది, సీటు మెత్తగా ఉంటుంది, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. ఒప్పుకుంటాను. మరి అన్ని సౌకర్యాలున్న చోట ముసలివాళ్ళు ఎందుకు కనపడరు? సౌకర్యాల్లేని రోజుల్లో మా నాయనమ్మ ఎలా వచ్చింది?

ఎవరూ ఆవిణ్ణి ‘వస్తావా’ అని అడగలేదు. ఆవిడ చీర కట్టుకుని అరుగు మీద కూర్చునేది, అంతే. ఇప్పుడు పిల్లలు మంచివాళ్ళే, అడుగుతారు. “అమ్మమ్మా, నువ్వు రాగలవా? మెట్లుంటాయి, సౌండు ఎక్కువ, నీకు నచ్చుతుందో లేదో.” అలా అడిగితే ఎవరైనా ఏమంటారు? మీరేమంటారు? “మీరు వెళ్ళిరండి నాన్నా, నేను ఇల్లు చూసుకుంటాను” అంటారు. అన్నారా లేదా? నవ్వుతున్నారు. అంటే అన్నారు.

ఆ మధ్య మా మనవలు పట్టుబట్టి పెద్ద ఊళ్ళో ఓ మాల్లో సినిమాకి తీసుకెళ్ళారు. గేటు దగ్గర అమ్మాయి నా సంచీ వెతికి మంచినీళ్ళ సీసా తీసి పక్కన పెట్టింది. మాత్రలేసుకోవాలమ్మా అంటే లోపల కొనుక్కోమంది. ఆ పిల్ల తప్పు కాదు, పైవాళ్ళు చెప్పింది చేస్తోంది. కానీ మీరు తెలుసుకోండి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది: బయటి తిండి తేవద్దనే హక్కు హాలువాళ్ళకి ఉంది, అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తెచ్చుకున్న ఆహారానికి అడ్డు చెప్పకూడదు అని. లోపలికెళ్ళి ‘ఉచిత మంచినీళ్ళు ఎక్కడ’ అని గట్టిగా అడగండి. నేను అడిగాను. ఓ మూల, పాప్‌కార్న్ కొట్టు వెనక చూపించారు. చిన్న కుళాయి, గ్లాసు లేదు.

ఇక ఖర్చు. వంద రూపాయల లోపు టికెట్టుకి జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే 18 శాతం అలాగే ఉంది. అంటే అందరం కలిసి వెళ్ళగలిగే టికెట్టు ఏదో ప్రభుత్వానికి కూడా తెలుసు. కానీ ఆ వంద లోపు టికెట్టు ఉండే మామూలు హాళ్ళే ఇలా కల్యాణమండపాలు అవుతున్నాయి. పెళ్ళికి రోజు అద్దె ఎంత, ఆటకి వచ్చే వసూలెంత, యజమాని చూసుకుంటాడు. ఆయన్ని తిట్టలేను.

విజయవాడలో మారుతి టాకీస్ 1921లో కట్టారు. తెలుగు సినిమాకి మాటలొచ్చింది 1932లో, భక్తప్రహ్లాదతో. అంటే తెలుగు తెర మాట్లాడకముందే మనవాళ్ళు హాలు కట్టుకుని కూర్చున్నారు. అంత ఇష్టం! ఆ ఇష్టాన్ని ఇప్పుడు మొదటిరోజు, అర్ధరాత్రి ఆట, తోపులాట అని మార్చేశారు. 2024 డిసెంబరులో హైదరాబాదులో ముందురోజు రాత్రి ఆటకి కుటుంబంతో వెళ్ళిన ఓ తల్లి తొక్కిసలాటలో చనిపోయింది, ఆవిడ కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. హీరో ఎక్కడికీ పారిపోడు, రెండోవారం చూడండి అని మీ పిల్లలకి చెప్పండి. గట్టిగా చెప్పండి. మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

వెనక ఆ తలుపు దగ్గర నిలబడ్డ బాబూ, భోజనాలు రెడీ అని సైగ చేస్తున్నావు, చూశాను. సాంబారు చల్లారదులే.

నేను వచ్చిన పని ఇది. మన ఊళ్ళో మిగిలిన హాళ్ళలో ఒకదాని మేనేజరుగారితో మాట్లాడాను. బుధవారం మ్యాట్నీకి జనం పల్చగానే ఉంటారట. మనం ఒక గుంపుగా వస్తామంటే రెండు వరసలు మనకి వదిలిపెడతానన్నారు. మంచినీళ్ళు తెచ్చుకోవచ్చా అని ముందే అడిగాను, తెచ్చుకోమన్నారు. సౌండు కాస్త తగ్గించమన్నాను, దానికి మాత్రం తలూపారే తప్ప మాటివ్వలేదు. ఏ సినిమా అని అడక్కండి, ఆ రోజు ఏది ఆడితే అదే. బాగాలేకపోతే తిట్టుకుంటూ వద్దాం, అదీ సరదానే.

కోడళ్ళని, కొడుకుల్ని పర్మిషన్ అడగొద్దు. సినిమాకి వెళ్తున్నాను, వస్తావా అని మీరే వాళ్ళని అడగండి. ఈసారి ఇల్లు వాళ్ళు చూసుకుంటారు.

నోటుపుస్తకం ఆ తలుపు దగ్గర బల్ల మీద ఉంటుంది, భోజనానికి వెళ్ళేముందు పేరు రాయించండి. చేతికర్ర ఉన్నవాళ్ళు పేరు పక్కన ఒక గీత పెట్టించండి, మెట్లు ఎక్కక్కర్లేని సీటు అడుగుతాను. ఆటోలు గాంధీచౌక్ నుంచి ఒంటిగంటన్నరకి. డబ్బులు ఇప్పుడు ఇవ్వక్కర్లేదు, ఆ రోజు చిల్లర మాత్రం తెచ్చుకోండి.