మన్ననూరు గేటు తొమ్మిదికి మూస్తారు

(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా మా కాలనీ వాకర్స్ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, రోజూ పొద్దున్నే పార్కులో నాతో నడిచే మిత్రులకు, ఇంత ఎండలోనూ వచ్చి కూర్చున్న అమ్మలకు, పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇవాళ ఆ నాలుగు నిమిషాలు కూడా నాకు కావాలి, దయచేసి ఎవరూ ఏమీ అనుకోవద్దు.

అక్టోబరు 2 నుంచి 8 దాకా దేశమంతా వన్యప్రాణి వారోత్సవాలు. ఆ వెంటనే దసరా సెలవులు. అందుకని మన సంఘం నల్లమల టూరు పెట్టుకుంది. ఐదు కార్లు, ఇరవై ఇద్దరం, రెండు రోజులు. "సార్, మీరు అచ్చంపేటలో పదిహేనేళ్లు పాఠాలు చెప్పారు కదా, ఏం చూడాలో, ఎక్కడ నడవాలో, ఏ జంతువులు కనపడతాయో ఒక అరగంట చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నిన్న రాత్రి వారు పంచిన ప్లాన్ కాగితం చేతికొచ్చింది. అందులో ఒక లైను చదివాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ లైను సంగతి తర్వాత చెబుతాను. ముందు అడిగినవి చెప్పాలి.

ఇది శరదృతువు, అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. మా అమ్మాయి మిషిగన్‌లో చదువుకుంటోంది. ఈ రోజుల్లో అక్కడ చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారిపోతాయని ఫొటోలు పంపిస్తుంది. అవి చూసి మన అడవి కూడా అలాగే ఉంటుందని పిల్లలు అనుకుంటారేమో. నల్లమలలో ఆకు రాలేది ఇప్పుడు కాదు, మాఘ ఫాల్గుణాల్లో. ఇప్పుడు వెదురూ మద్దీ ఏగిసా తునికీ అన్నీ పచ్చగా ఉంటాయి. గడ్డి నడుము ఎత్తున ఉంటుంది. వాగుల్లో నీళ్లుంటాయి. దారి పొడవునా తంగేడు, గునుగు పూసి ఉంటాయి. బతుకమ్మ పేర్చే అమ్మలకు ఆ పూల సంగతి నేను చెప్పక్కర్లేదు. నీటి ఒడ్డున రెల్లు తెల్లగా ఊగుతుంటుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, అది ముందే చెప్పడం న్యాయం. ఎండాకాలంలో నీళ్లు నాలుగు చోట్లే ఉంటాయి కాబట్టి జంతువులు అక్కడికి వస్తాయి, చూడటం సులువు. ఇప్పుడు అడవంతా నీళ్లే, అడవంతా గడ్డే. పది అడుగుల దూరంలో కణితి అనే పెద్ద దుప్పి నిలబడ్డా మీకు కనపడదు. పులిని చూస్తామని పిల్లలకు మాటివ్వకండి. అడవిని చూస్తాం అని చెప్పండి, అది తప్పకుండా జరుగుతుంది.

ఇక దారి. హైదరాబాద్ నుంచి తుక్కుగూడ దాటి కడ్తాల్ మీదుగా వెళతాం. డిండి దాకా రెండు వైపులా పొలాలు, కరెంటు తీగలు. ఆ తీగల మీద పాలపిట్ట కూర్చుని ఉంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా కనిపిస్తుంది. రెక్క విప్పిందంటే నీలం, ఆ నీలం లోపల ఇంకో లేత నీలం. ఒక్క క్షణమే. వంద మీద పోయే కార్లో నుంచి ఆ క్షణం దొరకదు. బండి పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, పది నిమిషాలు కూర్చోవాలి.

పాలపిట్ట పేరెత్తాను కాబట్టి ఒక మాట. ఇది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మి దగ్గరికి వెళ్లి పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. నేనూ నమ్ముతాను, ఏటా చూస్తాను. కానీ ఆ రోజు కొందరు దాన్ని వల వేసి పట్టి, పంజరంలో పెట్టి, ఇళ్ల ముందుకు తెచ్చి చూపించి డబ్బులు అడుగుతారు. ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, ఈకలు అంటించేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. కట్టేసిన రెక్కలు చూస్తే మనకు ఏం శుభం కలుగుతుందమ్మా? మీ గుమ్మం ముందుకు ఎవరైనా తెస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఈసారి మనం తీగ మీద కూర్చున్న పిట్టను చూసి దణ్ణం పెట్టుకుందాం.

డిండి చెరువు దగ్గర టీ తాగుదాం. హాజీపూర్ చౌరస్తా దగ్గర పెట్రోలు చూసుకోండి. అక్కడి నుంచి మన్ననూరు ఎంతో దూరం లేదు. మన్ననూరులో చెక్‌పోస్టు. ఆ గేటు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఈ అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అప్పుడు కృష్ణకు ఇటూ అటూ కలిపి ఒకటే అభయారణ్యం, నాగార్జునసాగర్ శ్రీశైలం అని పేరు. రాష్ట్రాలు విడిపోయాక ఇటు భాగం అమ్రాబాద్ అయింది. పులికి ఆ లెక్కలేవీ తెలియవు, నది అడ్డొస్తే ఈదుకుంటూ వెళుతుంది.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న కాగితం తీయండి. రెండో రోజు, చివరి లైను. "సాయంత్రం 6.30కు శ్రీశైలం నుంచి బయలుదేరుట. రాత్రి 9 లోపు మన్ననూరు గేటు దాటుట."

నాకు నిద్ర పట్టకుండా చేసిన లైను ఇదే.

మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరుకు తెరుస్తారు. అటు దోర్నాల దారిలోనూ అంతే. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి, బండ్లు గుద్దుతాయి, అందుకని పెట్టిన నియమం అది. చాలా మంచి నియమం. కానీ ఆ నియమాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం? తొమ్మిదికి మూస్తారు కాబట్టి తొమ్మిది లోపు దాటాలని పరిగెత్తుతున్నాం. శ్రీశైలం నుంచి మన్ననూరు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఘాట్ ఉంది. అక్టోబరులో ఆరింటికల్లా పొద్దుగూకుతుంది. పొద్దుగూకాక రెండు గంటలు, సరిగ్గా జంతువులు కదిలే వేళ. ఆ రెండు గంటల్లోనే మనం అందరికంటే వేగంగా పోతున్నాం.

పదకొండేళ్ల కిందట నేనూ అలాగే పోయాను.

అది కూడా దసరా సెలవులే. మా అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి, నేను. అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. ముందు సీట్లో కూర్చుంటానని పేచీ పెట్టి నా పక్కన కూర్చుంది. దర్శనం ఆలస్యమైంది. డ్యామ్ గేట్లు ఎత్తారంటే చూద్దామని ఆగాం, అక్కడ ఒక గంట ట్రాఫిక్. బయలుదేరేసరికి ఏడు కావస్తోంది. "రాత్రికి ఇక్కడే ఉండిపోదాం" అని మా ఆవిడ రెండుసార్లు అంది. మర్నాడు నాకు పేపర్ల వాల్యుయేషన్ డ్యూటీ. వెళ్లిపోదామన్నాను.

వటవర్లపల్లి దాటాక దారి కొంచెం తిన్నగా ఉంటుంది. అక్కడ గేరు మార్చి వేగం పెంచాను. టైము చూసుకున్నాను, ఎనిమిది దాటింది. తల ఎత్తేసరికి లైట్ల వెలుగులో చుక్కల దుప్పి, ఆడది. బ్రేకు తొక్కాను. అది ఒక్క దూకులో రోడ్డు దాటి ఎడమ పక్క గడ్డిలోకి వెళ్లిపోయింది. "హమ్మయ్య" అని మా అమ్మ అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. నేను మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాను.

దాని వెనక పిల్ల ఉంది.

పెద్ద చప్పుడు కూడా రాలేదు. ఎవరో అరచేత్తో బండిని తట్టినట్టు అయింది, అంతే. దిగి చూశాను. రోడ్డు అంచున పడి ఉంది. నాలుగు నెలలు ఉంటాయేమో, వీపు మీద చుక్కలు ముగ్గుచుక్కల్లా వరసగా ఉన్నాయి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక చెవి కదులుతోంది. మిగతా ఒళ్లంతా ఆగిపోయాక కూడా ఆ చెవి ఒక్కటీ ఇంకాసేపు కదిలింది. తల్లి ఎక్కడికీ పోలేదు. గడ్డిలో నిలబడి ముందు కాలు నేలకేసి కొడుతోంది. టప్, టప్ అని. అడవిలో అది ప్రమాదమని చెప్పే గుర్తు. పిల్లలకు ఆ పాఠం నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో.

కాసేపటికి ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. చేతిలో టార్చిలైటు. నన్ను తిట్టలేదు. కూర్చుని పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూసి లేచాడు. "ఒక్కటి దాటినంక ఇంకోటి ఉంటది సారు. లైటు తగ్గించి ఆగాలె" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్లు కార్లు నడిపాను, పుస్తకాలు చదివాను. ఆ ఒక్క మాట నాకు తెలియదు. ఆయనకు తెలుసు, ఆయన కొడుకులకు తెలుసు.

గేటు దగ్గర ఉన్న వాచర్‌కు జరిగింది చెప్పి, రాసిచ్చి వచ్చాను. గేటు దాటేసరికి తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ. నేను వేసుకున్న టైముకే దాటాను. మా అమ్మాయి ఏడాది దాకా ముందు సీట్లో కూర్చోలేదు. ఇప్పటికీ నేను ఎటైనా ప్రయాణం అంటే, అంత దూరం నుంచి ఫోన్ చేసి "నాన్నా, చీకటి పడేలోగా చేరిపోతారు కదా" అని అడుగుతుంది.

నీళ్లు ఒక గ్లాసు ఇస్తారా? సారీ. అరగంటలో సగం దీనికే అయిపోయింది.

కాబట్టి కార్యదర్శి గారూ, నేను ఈ ప్లాన్ మార్చమని సభాముఖంగా అడుగుతున్నాను. దర్శనం వద్దనడం లేదు, పెద్దవాళ్లు ఎంత ఆశపడుతున్నారో నాకు తెలుసు. దర్శనం మొదటి రోజుకు జరపండి. పొద్దున నాలుగున్నరకు ఇక్కడి నుంచి కదిలితే ఎనిమిది లోపు మన్ననూరులో ఉంటాం. ఫర్హాబాద్ దగ్గర అటవీ శాఖ వారి సఫారీ ఎక్కుదాం. వానాకాలం మూడు నెలలు ఆపేసి అక్టోబరులో తెరుస్తారు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, పండగ రోజుల్లో అప్పటికప్పుడు దొరకదు. మధ్యాహ్నం బయలుదేరి వెలుగుండగానే శ్రీశైలం చేరి, దర్శనం చేసుకుని, రాత్రికి అక్కడే పడుకుందాం. రెండో రోజు పొద్దున ఏడింటికి తిరుగు ప్రయాణం. నడకలన్నీ తిరుగుదారిలో. సాయంత్రం నాలుగుకల్లా ఐదు కార్లూ మన్ననూరు గేటు బయట ఉండాలి.

నడకల గురించి. దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఉంది. పైనుంచి చూస్తే కృష్ణ కొండల సందుల్లోకి చేతులు చాపినట్టు పాయలుగా కనపడుతుంది, ఆ పేరు అందుకే. వటవర్లపల్లి నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు వెళితే మల్లెల తీర్థం. మూడు వందల యాభై మెట్లు దిగాలి. దిగడం అందరూ దిగుతారు, ఎక్కేటప్పుడే మోకాళ్లు మాట్లాడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండండి, పైన కూడా బోలెడు పక్షులున్నాయి. కింద రాళ్లు నాచు పట్టి ఉంటాయి, రబ్బరు చెప్పులతో రావద్దు. జలపాతం కింద గుంటలో పిల్లల్ని దింపవద్దు. దారి వదిలి అడవిలోకి సొంతంగా నడవడం నేరం, ప్రమాదం కూడా.

నడిచేటప్పుడు మాట్లాడుకోవద్దు. ఇది చాలా కష్టమని తెలుసు, పార్కులో మన మాటలు పక్క వీధికి వినపడతాయి. కానీ ఇప్పుడు గడ్డి ఎత్తుగా ఉంది, కళ్లకంటే చెవులే పని చేస్తాయి. కొండముచ్చులు చెట్టు మీద ఆకులు తింటూ సగం కింద పడేస్తాయి. ఆ ఆకుల కోసం చుక్కల దుప్పులు కింద చేరతాయి. పైవాడు దూరం చూస్తాడు, కిందివాడు వాసన పడతాడు. చిరుతో పులో కదిలిందంటే పైనుంచి కొండముచ్చు "ఖక్" అని దగ్గినట్టు అరుస్తుంది, వెంటనే దుప్పి సన్నగా కూత పెడుతుంది. ఆ రెండు కూతలూ కలిసి వినపడితే మీకు పులి కనపడకపోయినా పులి ఉన్నట్టే. పెద్ద చెట్ల పైకొమ్మల్లో గంపలాంటి గూడు కనపడితే అది బెట్టుడుతది, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుతది. పుట్టను ఎవరో గునపంతో తవ్వినట్టు ఉంటే ఎలుగు వచ్చి వెళ్లినట్టు. ఇవన్నీ చూడటానికి సఫారీ టికెట్ కూడా అక్కర్లేదు.

కోతులకు ఏమీ పెట్టకండి. అరటిపండు కూడా. పుణ్యమని పెడతాం. అవి రోడ్డు మీద కూర్చోవడం అలవాటు చేసుకుంటాయి, వెనక వచ్చే బండి కింద పడతాయి. మీ చెయ్యి అంతదూరం వెళుతుంది. పులిహోర ప్యాకెట్ల కవర్లు, నీళ్ల సీసాలు ఏ కారువి ఆ కార్లోనే ఇంటికి రావాలి. అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే అనుకుందాం.

అహోబిలం గురించి, ఉగ్రస్తంభం నడక గురించి చెప్పమని ఇద్దరు అడిగారు. అది వేరే టూరు. అదొక రోజంతా రాళ్ల మీద నడక, ఇందులో కలపవద్దు.

ఇక డ్రైవింగ్. గేటు లోపల ముప్ఫై దాటవద్దు. వెనకవాడు హారన్ కొడితే పక్కకు తప్పుకుని దారివ్వండి, మీరు హారన్ కొట్టకండి. జంతువు దాటితే పూర్తిగా ఆపండి. అది వెళ్లిపోయాక ఒకటి నుంచి అరవై లెక్కపెట్టండి. పిల్లలూ, ఆ లెక్క మీది. గట్టిగా లెక్కపెట్టండి, మీ నాన్న మధ్యలో కదిలిస్తే అరవండి, నేను చెప్పానని చెప్పండి.

ఐదు కార్లలో ముందు వెళ్లే కారు వేగాన్ని బట్టే మిగతా నాలుగూ వెళతాయి. అది ఎవరు నడుపుతారో ఇవాళే, ఈ సభలోనే తేల్చండి. ఎవరైనా సరే, ఆ కార్లో ముందు సీటు నాకు ఉంచండి. వటవర్లపల్లి దాటాక, రోడ్డు తిన్నగా అయ్యే చోట, ఎడమ పక్కన ఒక మద్దిచెట్టు ఉంది. అక్కడ ఐదు నిమిషాలు ఆపమని అడుగుతాను. కారణం మీకిప్పుడు తెలుసు.